ముహూర్తం పెట్టేశారు, నన్నొక్క మాట కూడా అడగలేదు: ఆదోని చెల్లెలి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అక్కా నమస్తే. మా పుట్టిల్లు ఆదోని, అత్తగారిది కర్నూలు. నాకిప్పుడు 33 వారాలు, మొదటి కాన్పు, మా ఆయన బెంగళూరులో జాబ్. బీపీ, షుగర్, రక్తం అన్నీ బాగున్నాయన్నారు. పోయిన వారం కర్నూల్లో ప్రైవేటులో స్కాన్ చేసి పేగు మెడకు చుట్టుకుంది, బిడ్డ కూడా పెద్దగా ఉంది, ఆపరేషన్‌కి రెడీగా ఉండండి అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి మా అత్త పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది, అది 37 వారాలు నిండిన రెండు రోజులకు పడుతుంది. నన్నెవరూ అడగలేదు. గవర్నమెంట్ ఆసుపత్రికి పోదామంటే మా అక్కకు అక్కడ జరిగింది గుర్తొచ్చి వణుకు పుడుతుంది, తొడల మీద కొట్టారు, రాత్రంతా ఒక్కదాన్నే పడుకోబెట్టారు, మా అమ్మను లోపలికి రానీలేదు. ఇంట్లోనే కనే వాళ్ల వీడియోలు చూస్తుంటే మా ఊర్లో ఉన్న ముసలి మంత్రసానమ్మను పిలిపించుకుందామా అనిపిస్తుంది. మిడ్‌వైఫ్ అంటున్నారు, వాళ్లెవరు, మన దగ్గర ఉన్నారా? అసలు నా కాన్పు గురించి నేను అడగొచ్చా?

జవాబు:

అడగొచ్చు చెల్లీ. అందరికంటే ముందు అడగాల్సింది నువ్వే. నేను చాలా ఏళ్లు గవర్నమెంట్ ఆసుపత్రుల్లో కాన్పుల గదిలో స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, లెక్కలేనంత మంది బిడ్డల్ని ఈ చేతుల్తో పట్టుకున్నాను, కాబట్టి నీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది పేగు కాదు, ముహూర్తం కూడా కాదు, నన్నెవరూ అడగలేదు అని రాశావే ఆ మాట. కడుపు నీది, నొప్పి నీది, కుట్లు పడితే అవీ నీకే, ఇంట్లో నలుగురూ కూచుని తేదీ ఖాయం చేసేసి నీకు చివర్లో చెప్పడమేంది.

ముందు ఇంట్లో కాన్పు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది నాకు భయంగా ఉంది. వద్దు. ఆ ముసలమ్మ మంచిదే అయ్యుంటుంది, మీ ఊర్లో సగం మంది ఆమె చేతిలోనే పుట్టుంటారు, ఆమె ఓపికా ఆమె చేతి నేర్పూ నేను తక్కువ చేయను. కానీ బిడ్డ బయటికొచ్చాక మాయ పడే టైంలో కొందరికి రక్తం ఆగకుండా పోతుంది, చాలాసార్లు ముందు ఏ సూచనా ఉండదు, అంతా బాగున్న మనిషికీ అట్లా జరగొచ్చు, అప్పుడు గర్భసంచి బిగుసుకోవడానికి సూది కావాల, సెలైన్ కావాల, ఒక్కోసారి రక్తం ఎక్కించాల. నిమిషాల్లో జరగాల్సిన పని అది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల దాకా ఉంది, పల్లెలో ఉంటే ఆదోనికి రావడానికే టైం పడుతుంది. నువ్వు వీడియోల్లో చూసే ఆ దేశాల్లో ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ లైసెన్సున్న మనిషి, ఆమె బ్యాగులో ఆ సూదీ మందూ బిడ్డకు ఊపిరి పెట్టే బ్యాగూ అన్నీ ఉంటాయి, ఫోన్ చేస్తే ఆసుపత్రి వాళ్లు రెడీగా ఉంటారు. ఆ ఏర్పాటు మన దగ్గర లేకుండా ఆ వీడియో ఒక్కటే పట్టుకుంటే ప్రమాదం.

ఇప్పుడు మిడ్‌వైఫ్ గురించి. నర్సింగ్ చదివి, ఆ తర్వాత కాన్పుల మీదే ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన మనిషి ఆమె. 2018 డిసెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ దీనికి గైడ్‌లైన్స్ తెచ్చింది, నర్సులకు 18 నెలల ట్రైనింగ్ ఇచ్చి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని తయారు చేయాలని, పెద్ద ఆసుపత్రుల్లో వాళ్లే నడిపే కాన్పుల యూనిట్లు పెట్టాలని. దానికంటే ముందే 2017లో పక్కన తెలంగాణలో కరీంనగర్‌లో హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లు, యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి నర్సులకు ఈ ట్రైనింగ్ మొదలుపెట్టారు. మిడ్‌వైఫ్ డాక్టరుకు పోటీ కాదు, నువ్వు అట్లా అనుకోవద్దు, మీ ఇంట్లో వాళ్లనీ అనుకోనీయొద్దు. గర్భం మామూలుగా నడుస్తున్నంతసేపు ఆమె చూసుకుంటుంది, నొప్పుల్లో పక్కనే ఉంటుంది, నడిపిస్తుంది, నడుం రాస్తుంది, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉంటుంది, తేడా కనబడిన నిమిషం డాక్టర్ని పిలుస్తుంది, ఆపరేషన్ థియేటర్ అదే బిల్డింగులో ఉంటుంది. నెలల నుంచి తెలిసిన అదే మిడ్‌వైఫ్ చివరిదాకా చూసుకున్న ఆడవాళ్ల మీద వేరే దేశాల్లో పెద్ద పెద్ద స్టడీలు జరిగాయి, మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, కింద కోత పెట్టడం తగ్గింది, పట్టకారు వేసి లాగడం తగ్గింది, తల్లులు కూడా మాకు తృప్తిగా ఉంది అని చెప్పారు.

మన దగ్గర కర్నూల్లో, అనంతపురంలో, కడపలో ప్రతి ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ అని బోర్డు పెట్టుకుని ఎవరూ కూచోరు చెల్లీ, అది నిజం. ఇది అడిగి సాధించుకోవాల్సిన విషయం, మీటింగుల్లో మేము ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం, ఎందుకంటే మన సీమలో తెల్లారేసరికి పదుల కాన్పులు జరిగే ఆసుపత్రుల్లో ఒక్కో నర్సమ్మ నలుగురైదుగురిని ఒకేసారి చూడాల్సి వస్తుంది, ఆమెకు నీ చెయ్యి పట్టుకునే టైం ఎక్కడుంటుంది? మీ అక్కను కొట్టడం మాత్రం ఏ పని ఒత్తిడి వల్లా క్షమించే పని కాదు. నేను ఆ గదుల్లోనే పనిచేశాను కాబట్టి చెప్తున్నా, అరిస్తే బిడ్డ తొందరగా వస్తుందని, రెండు తగిలిస్తే బాగా ముక్కుతారని ఒక తరం నుంచి ఇంకో తరానికి నేర్పుకుంటూ వచ్చారు, అది వైద్యం కాదు, దౌర్జన్యం. భయపడిన ఆడమనిషికి నొప్పులు మందగిస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఆ సంగతి మీ అక్కకు కూడా చెప్పు, ఆమె సరిగా ముక్కలేదని ఎవరన్నా అనుంటే అది ఆమె తప్పు కాదు.

ఇంక నీ స్కాన్ సంగతికి వస్తా. పేగు మెడకు చుట్టుకోవడం పుట్టే బిడ్డల్లో సుమారుగా నలుగురైదుగురిలో ఒకరికి ఉంటుంది. ఎక్కువ శాతం మామూలు కాన్పుల్లో తల బయటికి రాగానే మేము వేలితో ఆ చుట్టు తీసేస్తాం, అంతే. బిడ్డ ఇంకా తిరుగుతుంది కాబట్టి 33 వారాల్లో ఉన్న చుట్టు 39కి ఊడిపోవచ్చు, కొత్తగా పడొచ్చు. చుట్టు ఉందన్న ఒక్క కారణానికి ఆపరేషన్ అవసరం లేదు, నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు సరిగా చూసుకుంటూ ఉంటే చాలు, అది తగ్గితే అప్పుడు ఆపరేషన్ సంగతి. బిడ్డ పెద్దది అన్నదీ అంతే, చివరి నెలల్లో స్కాన్ చెప్పే బరువు పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది, 3 కిలోలు అని రాస్తే 2.6 కావొచ్చు, 3.4 కావొచ్చు. నీకు షుగర్ లేదన్నావు కాబట్టి 33 వారాల్లోనే ఈ మాట మీద తేదీ ఖాయం చేసుకోవడంలో అర్థం లేదు.

ఆపరేషన్ నిజంగా కావాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, అవి కూడా తెలుసుకో, లేకపోతే నా మాట పట్టుకుని రేపు అవసరమైన చోట వద్దంటావు. మాయ గర్భసంచి నోటికి అడ్డంగా ఉంటే, బిడ్డ అడ్డంగా ఉంటే, పేగు ముందు జారి బయటికొస్తే, బిడ్డ గుండె చప్పుడు పడిపోతూ మళ్లీ లేవకపోతే, నొప్పులు బాగా ఉండి కూడా దారి తెరుచుకోక గంటలు గంటలు ఆగిపోతే పెద్దాపరేషన్ తల్లినీ బిడ్డనూ బతికిస్తుంది. నేను కళ్లారా చూశాను, ఆ ఆపరేషన్ చేసే చేతులకు దండం పెట్టాల. అట్లాగే భయం వల్ల నాకు ఆపరేషనే కావాలి అని అన్నీ తెలుసుకుని చెప్పే ఆడమనిషి మాటా వినాల్సిందే. నా గొడవంతా అవసరం లేని చోట, అడక్కుండా చేసే దాని మీదే.

ఆ గొడవ ఊరికే కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 63 శాతం, గవర్నమెంటులో 26.6. దేశం మొత్తానికి 21.5. జనాభా మొత్తం మీద ఆపరేషన్లు 10 శాతం దాటాక తల్లుల, బిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనబడలేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మరి మన ఆడవాళ్ల ఒళ్లు ఏమన్నా వేరేగా ఉందా? లేదు. ముహూర్తాలు, రాత్రి డ్యూటీలో డాక్టర్లు తక్కువ ఉండటం, ఏదన్నా జరిగితే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం, నొప్పులు తట్టుకోలేను అని ముందే బెదిరిపోయిన పిల్ల, పక్కన ఓదార్చే మనిషి లేకపోవడం, అన్నీ కలిసి అట్లా అయింది, ఒక్క డాక్టర్లనే అనడం నాకు ఇష్టం లేదు.

ముహూర్తం గురించి మీ అత్తతో నువ్వు కొట్లాడొద్దు, మీ ఆయన మాట్లాడాల, డాక్టర్ చేత చెప్పించాల. 39 వారాలు నిండకముందు నొప్పులు రాకుండా ఊరికే కోసి తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల్లో నీళ్లు సరిగా ఆరక ఆయాసం వచ్చి ఐసీయూలో పెట్టాల్సిన అవకాశం ఎక్కువ, కారణం లేకుండా తేదీ పెట్టుకునే ఆపరేషన్ 39కి ముందు వద్దని డాక్టర్లకు కూడా చెప్పిన మాటే ఇది. మీ అత్తకు మనవడో మనవరాలో మీద ప్రేమ లేక కాదు కదా ఇది చేసింది, జాతకం బాగుండాలనే కదా, అట్లాంటప్పుడు పుట్టగానే గాజు పెట్టెలో పెట్టి నీకు కూడా చూడనీకుండా చేసే ముహూర్తం మంచిది ఎట్లవుతుందమ్మా అని మీ ఆయన మెల్లిగా అడిగితే వింటుంది, నేను చూసిన అత్తల్లో ఎక్కువ మంది విన్నారు. నాకు తెలిసిన ఒక పంతులుగారైతే డాక్టర్ రాసిస్తేనే టైం చూస్తానని వెనక్కి పంపేవారు, అట్లాంటి పంతులు మీకూ దొరకాలని కోరుకుంటా.

సంతకం సంగతి. ఆపరేషన్‌కి సంతకం నీది. నువ్వు పెద్దదానివి, స్పృహలో ఉన్నావు, నీ తరఫున అత్తో అమ్మో మొగుడో ఒప్పుకుంటే సరిపోదు. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఈ మాటే తేల్చి చెప్పింది, ఆమె మత్తులో ఉండగా బయట కూచున్న వాళ్లమ్మను అడిగి గర్భసంచి తీసేస్తే అది చెల్లదు అంది, ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ అయితే తప్ప. కాగితం మీద ఏముందో చదివి పెట్టు, అర్థం కాకపోతే తెలుగులో చెప్పమను, అందులో సిగ్గేమీ లేదు.

గవర్నమెంట్ ఆసుపత్రి అంటే నీకున్న భయం నాకు అర్థమైంది, అయినా ఆ తలుపు పూర్తిగా మూసుకోవద్దు. నొప్పుల్లో ఒక ఆడమనిషి తోడు ఉండొచ్చని 2016లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, గవర్నమెంట్ కాన్పుల గదుల్ని బాగుచేయడానికి 2017లో వచ్చిన లక్ష్య ప్రోగ్రాంలో కూడా అది ఉంది. తోడుండే ఆమె కాన్పు అయిన మనిషైతే మంచిది, శుభ్రమైన బట్టలతో, అంటురోగాలు లేకుండా, మధ్యలో వెళ్లిపోకుండా ఉండాల, వైద్యానికి అడ్డం పడకూడదు. నీకు ఎవరు? మీ అమ్మ నీ నొప్పి చూసి ముందు ఏడుస్తుందేమో, మీ అక్క పాత భయంతో వణికిపోతుందేమో, పిన్నో వదినో, గట్టి గుండె ఉండి తక్కువ మాట్లాడే ఆడమనిషిని చూసుకో, ఇప్పటినుంచే చెప్పిపెట్టు. కాన్పుకు ముందే ఒకరోజు ఆ ఆసుపత్రికి పోయి కాన్పుల గది సిస్టర్ ఇంచార్జిని కలిసి, తోడును రానిస్తారా, రాత్రి ఎవరుంటారు, లేచి నడవనిస్తారా అని అడుగు. మొహం చూసి మాట్లాడిన పిల్లను నర్సులు కూడా వేరేగా చూస్తారు, ఇది ఆ వైపు నుంచి చెప్తున్న మాట. అక్కడ మందులు, టెస్టులు, రక్తం, భోజనం, అవసరమైతే ఆపరేషన్, వచ్చి పోయే బండి అన్నీ 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం, ఎవరన్నా బిడ్డను చూపించడానికి డబ్బులడిగితే ఇవ్వొద్దు, సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా చెప్పు. ప్రైవేటులోనే ఉండాలనుకుంటే ఉండు, కానీ అక్కడ కూడా ఇవే ప్రశ్నలు, దాంతోపాటు పోయిన నెల మొదటి కాన్పుల్లో ఎంతమందికి మామూలు కాన్పు అయింది అని అడుగు, మంచి డాక్టర్ ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. రెండో డాక్టర్ దగ్గర స్కాన్ కాగితాలు చూపించుకోవడం కూడా ద్రోహం కాదు.

నొప్పులు మొదలయ్యాక ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి అదీ చెప్తా. మొదటి కాన్పుకు నొప్పులు లేవగానే పరిగెత్తక్కర్లేదు, కానీ నువ్వు ఉండే ఊరి దూరం చూసుకుని బయల్దేరు. దారి 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టని, గంటకు ఒక సెంటీమీటర్ తప్పనిసరిగా రావాలన్న లెక్క పెట్టుకోవద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఆ తర్వాత మొదటి కాన్పుకు 12 గంటల దాకా పట్టొచ్చు. కాబట్టి నాలుగు గంటలకే కాలేదు కాలేదు అని కంగారు పెట్టి గ్లూకోజ్ బాటిల్లో నొప్పుల మందు కలిపితే ఎందుకు అని అడుగు. ఆ మందు కొందరికి అవసరమే, అయితే నొప్పులు బాగా పెంచుతుంది, బిడ్డ గుండె చప్పుడు దగ్గరుండి చూడాల. నడువు, కూచో, పక్కకు తిరిగి పడుకో, గోడ పట్టుకుని నడుం ఊపు, వెల్లకిలా పడుకోవడం ఒక్కటే పద్ధతి కాదు. ప్రమాదం లేని కాన్పులో నీళ్లు, మజ్జిగ, ఏదన్నా తేలిగ్గా తినడం తప్పు కాదు, నోరు ఎండగట్టడం పాత అలవాటు. అందరికీ కింద కోత పెట్టడం, పొట్ట మీద మోచేత్తో నొక్కడం ఇవి రెండూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఆ 2018 సూచనల్లోనే ఉంది, పొట్ట మీద నొక్కబోతే వద్దు అని గట్టిగానే చెప్పు, నీ పక్కనున్న పిన్ని చేత చెప్పించు. నొప్పి తట్టుకోలేకపోతే నడుములో ఇచ్చే సూది కొన్ని ఆసుపత్రుల్లో ఉంటుంది, అడగడం చేతకానితనం కాదు. పుట్టగానే బిడ్డను నీ రొమ్ము మీద పెట్టమను, బొడ్డు కనీసం ఒక నిమిషం ఆగి కోయమను, ముర్రుపాలు పిండి పారబోయొద్దు.

ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద నీ సొంత తెలుగులో అర పేజీ రాసి ఎంసీపీ కార్డులో, అంటే చెకప్‌లు రాసే తల్లీబిడ్డల కార్డులో పెట్టుకో. చివర్లో ఒక్క లైను తప్పకుండా రాయి: బిడ్డకో నాకో ప్రమాదం అయితే డాక్టర్ చెప్పినట్టు చేయండి, చేసేముందు నాకు ఒక్క మాట చెప్పండి. ఆ లైను చూస్తే డాక్టరుకు కూడా నువ్వు మొండిదానివి కాదని అర్థమవుతుంది.

ఇంకోటి, ఇది మాత్రం ఏ కాగితం కోసమూ ఆగొద్దు. రక్తం కనబడినా, తల పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, మొహం చేతులు ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయి పచ్చగా ఉన్నా, జ్వరమొచ్చినా, రాత్రి రెండైనా 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పో. బీపీ 140/90 అని ఎక్కడ కనబడినా అదే రోజు డాక్టరుకు చూపించు.

వచ్చే చెకప్‌కి మీ ఆయన్ని సెలవు పెట్టి రమ్మను, ఫోన్లో కాదు, డాక్టర్ ముందు నీ పక్కన కూచోమను. ఈ చుట్టు ఒక్కటే కారణమా, ఇంకేమన్నా ఉందా, 39 దాకా ఆగితే నాకూ బిడ్డకూ ఏం ప్రమాదం, నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా చూస్తారా అని నువ్వే అడుగు, డాక్టర్ చెప్పిన జవాబు మీ ఆయన రాసుకోవాల. ఆ రాసుకున్నది నాకు పంపు, చూసి మళ్లీ రాస్తా, మీ అక్కనూ రాయమను, ఆమెకు జరిగినదాని మీద ఫిర్యాదు ఇప్పుడైనా పెట్టొచ్చేమో విడిగా మాట్లాడుకుందాం.